నూజివీడు మామిడి: చూసి కొన్నవారు, చూడకుండా కొన్నవారు

సరుకును కళ్లారా చూసి, చేత్తో పట్టుకొని, అమ్మేవారితో బేరమాడి కొనడం మేలా, లేక దూరాన ఉన్న అమ్మకందారుని మాట నమ్మి ఇంటికి తెప్పించుకోవడం మేలా అన్న ప్రశ్న ఆన్‌లైన్ దుకాణాలతోనే పుట్టినట్టు కనిపిస్తుంది. నూజివీడు మామిడి సీమ చరిత్రను పరిశీలిస్తే మాత్రం, ఆ ప్రశ్న రైలుబండి నాటి నుంచీ అక్కడి తోటలను వెంటాడుతూనే ఉందనీ, ఏ చెట్టు నాటాలన్న నిర్ణయాన్ని సైతం అది శాసిస్తూ వచ్చిందనీ తెలుస్తుంది.

మేకా అప్పారావు వంశీయుల జమీందారీకి కేంద్రంగా ఉండిన నూజివీడు, కృష్ణా డెల్టాకు ఎగువన ఉన్న మెట్ట ప్రాంతం. 1855 నాటికి బెజవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట దిగువ పల్లెలను మాగాణిగా మార్చింది గాని, ఎగువనున్న ఎర్ర నేలలకు ఆ కాలువల నీరు ఎక్కలేదు. వేరు లోతుకు దించుకొని ఎండలను తట్టుకొనే మామిడి అటువంటి నేలకు అనువైన పంట కావడంతో నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం పరిసరాలన్నీ తోటల సీమగా పేరు పొందాయి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ అంతరించింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో పట్టణం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. తోటలు మాత్రం ఈ మార్పులన్నిటినీ దాటి నిలిచాయి.

ఈ సీమ పళ్లను స్థూలంగా రెండు తెగలుగా చెప్పవచ్చు. చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం వంటివి చేత్తో నలిపి, ముచ్చిక తీసి, రసం పీల్చుకొని తినేవి. బంగినపల్లి, సువర్ణరేఖ వంటివి ముక్కలుగా కోసుకొని తినేవి. వీటికి తోడు కలెక్టర్ కాయ అని పిలిచే తోతాపురి గుజ్జు తీసే కర్మాగారాలకు ప్రధాన సరుకు. రసాల తెగ పండు మాగిన కొద్ది రోజుల్లోనే తినవలసినది. లోపలి గుజ్జు పూర్తిగా రసంగా మారుతుంది గనుక ఒకదానిపై ఒకటి పేర్చిన బరువును అది ఓర్చుకోలేదు. బంగినపల్లి కండ గట్టిది, నిల్వకు ఆగేది. ఇకపై చెప్పబోయే చరిత్రలో చాలా భాగానికి ఈ ఒక్క భేదమే మూలం.

స్థానిక కొనుగోలులో ఈ భేదం ఇబ్బంది పెట్టేది కాదు. నాలుగు పళ్లను ఒక పుంజీగా లెక్కించి అమ్మే రోజుల్లో కొనేవారు పండును వాసన చూసి, తొడిమ దగ్గర నొక్కి ఎంచుకొనేవారు. అమ్మేవారు పళ్లు ఈ పూటకా, రెండు రోజుల తరువాతకా అని అడిగి దానికి తగినవి తీసి ఇచ్చి, లెక్కకు మించి ఒకటి కొసరు వేసేవారు. తెలిసిన ఇంటివారికి డబ్బు వెంటనే అందకపోయినా పద్దు రాసుకొని సరుకిచ్చే ఆచారమూ ఉండేది. కుళ్లిన పండు వచ్చిందంటే మరునాడు అదే దుకాణం ముందు నిలబడి అడిగే వీలుండేది. పండును ఎంచే ఈ నైపుణ్యం అమ్మేవారిలోనూ కొనేవారిలోనూ పెరిగినది. దాని విలువను ధరల పట్టిక చూపదు గనుక తరచుగా లెక్కలోకి రాదు.

దూరపు కొనుగోలు 1890ల్లో కోస్తా వెంబడి రైలు మార్గం పడడంతో సాధ్యమైంది. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషను పట్టణంలో కాక చాలా దూరాన హనుమాన్ జంక్షన్ వద్ద ఉంది. తరువాతి కాలంలో మామిడి ఢిల్లీ వంటి ఉత్తరాది మార్కెట్లకు తరలే కేంద్రాల్లో అది ఒకటైంది. రోజుల తరబడి సాగే ప్రయాణానికి చెట్టున పండిన కాయ పనికిరాదు గనుక, పక్వానికి వచ్చిన పచ్చికాయనే దోటికి కట్టిన చిక్కంతో కోసి పంపడం, చేరిన చోట మాగబెట్టడం రివాజైంది. దానితోపాటే పూత దశలోనో పిందె దశలోనో తోట ఫలసాయాన్ని మొత్తంగా వ్యాపారికి అప్పగించే గుత్త పద్ధతి బలపడింది. గాలివాన నష్టపు భారాన్ని గుత్తదారు మీదికి మళ్లించే సౌలభ్యం రైతుకు అందులో ఉన్నా, చివరి ధరలో వాటా మాత్రం ఉండదు. విజయవాడకు చేరువలోని నున్న మామిడి మార్కెట్ వంటి చోట్ల రైతుకూ వ్యాపారికీ నడుమ కమీషన్ ఏజెంటు నిలిచాడు. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం కమిటీలను, లైసెన్సులను ఏర్పరచినా, తూకంలో తరుగు పేరిట కోసే కాయల గురించి రైతుల ఫిర్యాదు ఆగలేదు.

తోటను చూడని కొనుగోలుదారు పెరిగినకొద్దీ పండుకు రంగే యోగ్యతాపత్రమైంది. వరిగడ్డిలో కావు వేసి, అంటే పొరలుగా పేర్చి నిదానంగా మాగబెట్టే పద్ధతి స్థానంలో కాల్షియం కార్బైడ్ వాడకం వ్యాపించింది. తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువును వదిలే ఆ రసాయనం కాయకు త్వరగా పసుపు రంగు తెస్తుంది గాని రుచిని తేలేదు. పైగా అందులోని మలినాలు ఆరోగ్యానికి హాని చేస్తాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానిని స్పష్టంగా నిషేధించగా, 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. పరిమిత మోతాదులో ఇథిలీన్ వాయువును వాడడానికి మాత్రం అనుమతి ఉంది. ఈ మోసాన్ని ఆన్‌లైన్ మీద గాని వీధి దుకాణం మీద గాని మోపడం సరికాదు. కాయను కోసినవారికీ తినేవారికీ మధ్య పెరిగిన దూరమే దానికి చోటిచ్చింది.

ఇంటి గుమ్మం దగ్గరికే సరుకు వచ్చే అలవాటు కూడా కొత్తది కాదు. 1877లో భారత తపాలా శాఖ ప్రవేశపెట్టిన వి.పి. పద్ధతిలో, పార్సెలు తెచ్చిన పోస్ట్‌మాన్ చేతికి వెల చెల్లిస్తే ఆ డబ్బు అమ్మకందారుకు చేరేది. పుస్తకాలు, మందులు పత్రికల ప్రకటనలు చూసి వి.పి. ద్వారా తెప్పించుకొన్న తెలుగు కుటుంబాలకు, కట్ట విప్పకముందే డబ్బు చెల్లించే నమ్మకం అప్పుడే అలవడింది. పాడయ్యే పండు మాత్రం ఆ దారిన సులువుగా ప్రయాణించలేకపోయింది. ఆ లోటును తీర్చే సందర్భం చాలా కాలం తరువాత వచ్చింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు కోత దగ్గర పడుతోంది. రవాణా చిక్కుల్లో పడి, మార్కెట్లు కుంటుపడిన ఆ వేసవిలో తెలంగాణ ఉద్యాన శాఖ తపాలా శాఖ తోడ్పాటుతో హైదరాబాదు ఇళ్లకు మామిడి పెట్టెలు చేర్చింది. వాట్సాప్ బృందాల ద్వారా నేరుగా అమ్మే రైతులకూ గిరాకీ పెరిగింది. ఈ పద్ధతిలో రైతుకు చిల్లర ధర దక్కే అవకాశం ఉంది, అది చిన్న లాభం కాదు. అయితే కాయలను వేరుచేయడం, పెట్టెలు కట్టడం, దారిలో నలిగిన పండుకు డబ్బు తిరిగి ఇవ్వడం వంటి, అంతకుముందు దుకాణదారు మోసిన భారమంతా రైతు నెత్తిన పడింది. అదే ఏడాది జూలైలో అమలులోకి వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు అమ్మకందారు వివరాలను, ఫిర్యాదు మార్గాన్ని వెల్లడించడం తప్పనిసరి చేసి కొనేవారికి రక్షణ కల్పించాయి గాని, ఏ పెట్టె ఏ తోటదో, ఏ రోజు కోసినదో చెప్పవలసిన బాధ్యత వాటివల్ల రాలేదు.

పెట్టెలో ప్రయాణించేది ప్రధానంగా బంగినపల్లే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రకానికి దూరపు మార్కెట్ల ఆదరణ ఎక్కువ. రసాలకు అటువంటి ఆసరా లేదు. ఈ పూట మాగి రేపటికి మెత్తబడే పండును గుర్తించి, దానిని ఈ పూటే తినగలవారికి అందించే దగ్గరి దుకాణమే వాటి ప్రధాన ఆధారం. అందుచేత రసాల విషయంలో స్థానిక దుకాణం పక్షాన తీర్పు చెప్పడానికి సంకోచించనక్కరలేదు. అలాగని వీధి దుకాణంలో కొన్న ప్రతి రూపాయీ తోటకు చేరుతుందనుకోవడం భ్రమే. ఆ దుకాణానికీ సరుకు తరచుగా కమీషన్ ఏజెంటు దగ్గర నుంచే వస్తుంది. పచ్చడి సంగతి వేరు: ఊరగాయ నెలల తరబడి నిలుస్తుంది గనుక దానికి దూరం శత్రువు కాదు, అమెరికాలోని తెలుగు ఇళ్లకు సైతం కొరియర్‌లో చేరుతుంది, దాని కోసం కొనే పుల్లటి కాయ పులుపును, టెంక ముదురును మాత్రం కత్తిపీట ముందు ముక్క కొట్టించి చూసుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు.

కనుక ఈ సీమ రైతుకు రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసిన అగత్యం లేదు. బంగినపల్లిని పెట్టెల్లో పట్నానికి, తోతాపురిని గుజ్జు కర్మాగారానికి పంపి, రసాలను తోట గుమ్మంలోనో రోడ్డు పక్క పాకలోనో అమ్ముకొనే వీలు అతనికుంది. గుత్తకిచ్చిన తోటలో మాత్రం ఆ ఎంపిక పూత రాలకముందే అతని చేయి జారిపోతుంది.