పాత కంప్యూటర్‌కు లినక్స్: మారే ముందు తెలుసుకోవలసినవి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. షరతులకు లోబడి మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు పొందే వెసులుబాటు ఉన్నా, 2015లో వచ్చిన ఆ వ్యవస్థకు కాలం తీరినట్లే. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. దాదాపు 2017కు ముందు తయారైన కంప్యూటర్లలో అధిక భాగం ఈ అర్హత పొందలేవు. అవి చెడిపోయినవి కావు. అటువంటి యంత్రాన్ని పాత సామాన్లవారికి ఇచ్చేముందు పరిశీలించదగిన మార్గం లినక్స్.

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో ప్రకటించిన ఈ లినక్స్, కచ్చితంగా చెప్పాలంటే కెర్నల్ మాత్రమే. ప్రాసెసర్, మెమరీ, డిస్కు వంటి పరికరాలకూ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ ఉండి పని జరిపించేది అదే. దానికి ఇతర సాఫ్ట్‌వేర్‌ను జతచేసి డెబియన్, ఉబుంటు, మింట్ వంటి పంపిణీలు రూపొందాయి. డెబియన్ ఆధారంగా మన సీ-డాక్ రూపొందించినదే 'బాస్'. కేరళ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు ఏళ్లుగా లినక్స్‌పైనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతివారూ తెలియకుండానే ఈ కెర్నల్‌ను జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

అయితే మారాలనుకునేవారికి చరిత్ర కంటే డ్రైవర్ల సంగతి ముఖ్యం. విండోస్‌లో డ్రైవర్‌ను సాధారణంగా పరికర తయారీదారు సమకూరుస్తాడు. అతడు ఆసక్తి కోల్పోతే పరికరం మూలపడుతుంది. లినక్స్‌లో అత్యధిక డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి, తయారీదారు మరచినా ఇతరులు వాటిని నిలబెడతారు. అందుకే కొత్త విండోస్ గుర్తించని పాత స్కానర్ ఒక్కోసారి లినక్స్‌లో చక్కగా పనిచేస్తుంది. చిక్కు కొత్త పరికరాలతోనూ, తయారీదారు వివరాలు వెల్లడించని వాటితోనూ వస్తుంది. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు, చాలా వేలిముద్ర రీడర్లు ఈ కోవలోనివే. జిరాక్స్ దుకాణాలలో విరివిగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌ను లినక్స్‌లో పనిచేయించడానికి ఓపిక కావాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల విషయంలో టోర్వాల్డ్స్ 2012లో ఒక సభలోనే ఆ సంస్థను బాహాటంగా దూషించారు. 2022లో అది తన కెర్నల్ డ్రైవర్ మూలాన్ని బయటపెట్టింది.

ఇవన్నీ ఊహించుకుని బెదరనవసరం లేదు, పరీక్షించి చూడవచ్చు. పంపిణీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానినుంచే కంప్యూటర్‌ను ప్రారంభిస్తే, డిస్కును తాకకుండానే లినక్స్ నడుస్తుంది. వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే తిరిగి మేల్కొంటుందా అన్నవి అప్పుడే చూసుకోవాలి. మెమరీ 4 జీబీ ఉంటే మింట్ సరిపోతుంది. 2 జీబీయే అయితే ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్ మేలు. పాత హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చడం మరే మార్పుకన్నా ఎక్కువ వేగాన్నిస్తుంది. 32 బిట్ యంత్రాలకు మాత్రం దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు. అయితే 2006 నాటి కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లు సైతం 64 బిట్‌వే.

తెలుగు యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రధాన పంపిణీలన్నింటిలో లభిస్తాయి. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగు ఇంటర్‌ఫేస్ కోసం చిరకాలంగా కృషి చేస్తోంది. అసలు అవరోధం డీటీపీ కేంద్రాలలో ఉంది. అను ఫాంట్లలో కూర్చిన పేజ్‌మేకర్ ఫైళ్లు యూనికోడ్ కావు. ఆ సాఫ్ట్‌వేర్, ట్యాలీ మాదిరిగానే, విండోస్ కోసం తయారైనది. వాటిపై జీవనోపాధి ఆధారపడినవారు ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలనూ ఉంచుకోవచ్చు. ముందుగా ఫైళ్లన్నింటినీ వేరే డిస్కులోకి నకలు తీసుకోవాలి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'డిస్కు మొత్తం చెరిపివేయి' అన్న ఎంపికను నొక్కరాదు. ఇకపై పాత విండోస్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా ఆ ఫైళ్ల పనికే పరిమితం చేసి, బ్యాంకు లావాదేవీలు, ఈమెయిల్ లినక్స్‌లోనే జరుపుకోవడం క్షేమం.