డోలనం: లోలకం నుంచి హోసూరు గడియారం దాకా

ఒక వస్తువు తన నిలకడ స్థానానికి అటూ ఇటూ పదే పదే ఊగుతుంటే ఆ చలనాన్ని డోలనం అంటారు. ఉయ్యాల, గుడిగంట నాలుక, వీణ తీగ, గోడ గడియారపు లోలకం అన్నీ ఈ కోవలోవే. పక్కకు జరిపినకొద్దీ వెనక్కి లాగే బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతూ ఉంటే దానికి సరళ హరాత్మక చలనం అని పేరు. ఇంటర్‌లో దీన్ని ఒక సమీకరణంగా బట్టీపట్టి వదిలేస్తాం గానీ అసలు విశేషం వేరే ఉంది. ఇలాంటి చలనంలో ఊపు చిన్నదైనా పెద్దదైనా, పోయి రావడానికి పట్టే కాలం ఒక్కటే. పెద్ద ఊపులో దూరం ఎక్కువే, కానీ లాగే బలమూ అంతే ఎక్కువ కాబట్టి వేగమూ అంతే పెరుగుతుంది. గడియారం మీద మనకు నమ్మకం కుదిరింది ఈ గుణం వల్లే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే హోసూరు దాదాపు నలభై ఏళ్లుగా ఈ గుణాన్ని నమ్ముకునే గడియారాలు తయారుచేస్తోంది.

హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లా మామిడికి పెట్టింది పేరు. కాపు మీదున్న తోటలో గాలి తగిలినప్పుడు పొడవాటి తొడిమలకు వేలాడే కాయలను కాసేపు చూస్తే లోలకం పాఠం సగం అర్థమవుతుంది. వేలాడే చోటు నుంచి కాయ నడిమి దాకా దూరం ఒకటే అయితే, చిన్న కాయా బాగా ఎదిగిన తోతాపురీ దాదాపు ఒకే లయలో ఊగుతాయి. బరువు లెక్కలోకి రాదు. ఆ దూరం పావు మీటరైతే ఒక ఊపుకు సుమారు ఒక సెకండు పడుతుంది. మీటరు తాడుకు రాయి కట్టి ఊపితే రెండు సెకండ్లు. పొడవు నాలుగింతలైతే కాలం రెండింతలు అవుతుందన్నమాట. కొమ్మ కూడా ఊగుతుంది కాబట్టి తోటలో లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోదు, లయ మాత్రం తెలుస్తుంది.

లోలకం ఊపు చిన్నదైనా పెద్దదైనా కాలం మారదని 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో గమనించినవాడు ఇటలీకి చెందిన గెలీలియో. ఆ గమనికను గడియారంగా మలిచింది డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్, 1656లో. గెలీలియో మాట పూర్తిగా నిజం కాదని తేల్చింది కూడా హైగెన్సే. లోలకాన్ని 30 డిగ్రీలు లాగి వదిలితే ఒక్కో ఊపుకు కాలం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. ఊపు అలాగే కొనసాగిస్తే రోజుకు ఇరవై నాలుగు నిమిషాలకు పైగా తేడా. ఊపు చిన్నగా ఉన్నంతవరకే లోలకం సరళ హరాత్మకం.

1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషేర్ పారిస్‌లో సరిచేసిన లోలకం గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు తీసుకెళ్లాడు. అక్కడది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. తప్పు గడియారానిది కాదు, భూమి ఆకర్షణే అక్కడ తక్కువ. అప్పటి నుంచి లోలకం కాలాన్ని కొలిచే పరికరంగానే కాక భూమిని తూచే త్రాసుగానూ మారింది. మన వైపు ఈ పని 1821లో మద్రాసు నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ చేసిన లోలక ప్రయోగాలతో మొదలైంది. ఆ తర్వాత 1865లో భారత సర్వే విభాగం పెద్ద ఎత్తున పూనుకుంది. కెప్టెన్ జేమ్స్ బసేవీ రెండు ఇత్తడి లోలకాలతో దక్షిణ కొస నుంచి హిమాలయాల దాకా మజిలీలు చేశాడు. హోసూరుకు కూతవేటు దూరంలో ఉన్న బెంగళూరు, నిజాం రాజ్యంలోని దామరగిద్ద, సముద్ర తీరపు కాకినాడ ఆ మజిలీల జాబితాలో ఉన్నాయి.

వాళ్లు చేసిన పని ఎంత ఓపికతో కూడుకున్నదో ఒకసారి ఊహించాలి. గాలి తీసేసిన గొట్టంలో లోలకం ఊగుతుంటుంది. వెనక గడియారపు లోలకం ఇంకో లయలో ఊగుతుంటుంది. దూరాన దుర్భిణి దగ్గర కూర్చున్న మనిషి ఆ రెండూ సరిగ్గా కలిసిన క్షణాన్ని రాసుకోవాలి, మళ్లీ కలిసే దాకా కాచుకోవాలి. పోవడం ఒకటి, రావడం ఒకటిగా లెక్కిస్తే ఆ లోలకం రోజుకు సుమారు 86,000 సార్లు ఊగేది. ఊరు మారితే ఆ సంఖ్యలో వచ్చే కొద్దిపాటి తేడా కోసమే ఇంత శ్రమ. బసేవీ 1871 జులైలో, లడఖ్‌లో 15,000 అడుగులు దాటిన మోరే మైదానంలో, పని మీదుండగానే చనిపోయాడు. మిగిలినది హెవిసైడ్ అనే మరో సర్వే అధికారి 1873 నాటికి ముగించాడు. హిమాలయాల అడుగున బరువు కొరత ఉందన్న వాదానికి ఆ అంకెలు బలమిచ్చాయి.

అదే లెక్క కృష్ణగిరికీ హోసూరుకూ వేసి చూడవచ్చు. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, హోసూరు సుమారు 900. కృష్ణగిరిలో సరిచేసిన లోలకం గడియారాన్ని బస్సెక్కించి శూలగిరి మీదుగా హోసూరుకు తెస్తే, ఎత్తు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, రోజుకు ఐదు సెకండ్లకు పైగా వెనకబడాలి. పీఠభూమి రాతి ఆకర్షణ కలిపితే ఆ తేడా కొంత తగ్గుతుంది.

లోలకాన్ని జేబులో పెట్టుకోలేం. ఆ చిక్కును విప్పింది స్ప్రింగు. సాగిన కొద్దీ స్ప్రింగు అదే నిష్పత్తిలో వెనక్కి లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. సరళ హరాత్మక చలనానికి కావలసింది సరిగ్గా అదే. దానికి మూడేళ్ల ముందే హైగెన్స్ చుట్ట స్ప్రింగుతో ఊగే చక్రాన్ని గడియారంలో పెట్టాడు. 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ మొదలుపెట్టిన కీ గడియారాల వంశం అదే. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడే టిక్కుటిక్కు ఆ చక్రానిదే. అలాంటి చాలా గడియారాల్లో అది గంటకు 18,000 సార్లు వినబడుతుంది.

హోసూరులో స్ప్రింగుకు ఇంకో బతుకూ ఉంది. 1980లో ఇక్కడి నుంచి ఇద్దరు కూర్చోగలిగే టీవీఎస్ 50 మోపెడ్ బయటికి వచ్చింది. గడియారంలో డోలనం ఆగకూడదు, బండిలో వెంటనే ఆగాలి. గుంతలో పడిన బండి స్ప్రింగు మీద ఊగుతూనే ఉంటే చక్రం నేలను వదిలేస్తుంది. అందుకే షాకబ్జార్బరులో నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఊపును మింగేస్తుంది. దీన్నే అవరుద్ధ డోలనం అంటారు. మెకానిక్కు హ్యాండిల్ మీద బరువేసి నొక్కి వదులుతాడు. బండి ఒక్కసారి లేచి నిలిస్తే షాకులు బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే నూనె కారిపోయినట్టు.

గడియారాల కథలో పెద్ద మలుపు క్వార్ట్జ్ స్ఫటికం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం వంగుతుందని మరుసటి ఏడు తేలింది. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ తొలి క్వార్ట్జ్ గడియారం చేశారు. అది గది నిండా ఉండేది. చేతికి కట్టుకునేది 1969 డిసెంబరు 25న జపాను సైకో సంస్థ అమ్మకానికి పెట్టింది. స్ఫటికాల స్థితిస్థాపకత మన దగ్గరా లోతుగా చదివిన విషయమే. వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం బృందం అతిధ్వనులను పంపి స్ఫటికాల గట్టిదనాన్ని కొలిచింది.

1984లో టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటాన్ కంపెనీని స్థాపించాయి. ఆ పేరులో మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు టాటా ఇండస్ట్రీస్‌వి, మిగతా మూడు తమిళనాడువి. క్సెర్‌క్సెస్ దేశాయ్ నాయకత్వంలో హోసూరు ఫ్యాక్టరీ, కీ గడియారాలు రాజ్యమేలుతున్న రోజుల్లో క్వార్ట్జ్ మీద పందెం కాసింది. ఆ నిర్ణయానికి గుండె ధైర్యం కావాలి. 2002లో అదే కంపెనీ తెచ్చిన ఎడ్జ్ గడియారం మందం 3.5 మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లే.

మామూలు క్వార్ట్జ్ చేతి గడియారం వెనక మూత తీస్తే బ్యాటరీ పక్కన బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన లోహపు గొట్టం కనిపిస్తుంది. అందులో శృతిదండం ఆకారంలో కోసిన స్ఫటికం ఉంటుంది. దాని రెండు కొమ్ములూ సెకండుకు 32,768 సార్లు కంపిస్తాయి. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే మిగిలేది ఒకటి. చిప్పు చేసేది ఆ పనే, ఆ ఒక్క స్పందనకు సెకండ్ల ముల్లు ఒక్క గంతు వేస్తుంది. స్ఫటికాన్ని సాధారణంగా 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండేట్టు కోస్తారు. దానికన్నా పది డిగ్రీలు ఎక్కువైనా తక్కువైనా రోజుకు సెకండులో మూడో వంతు వెనకబడుతుంది.

ఇక కృష్ణగిరి నుంచి ఎత్తెక్కి వచ్చిన ఆ లోలకం పక్కన హోసూరులో చేసిన క్వార్ట్జ్ గడియారాన్ని పెట్టి చూస్తే, ఎత్తు కారణంగా రెండోది సెకండు కూడా వెనకబడదు. దాని కొమ్ములను వెనక్కి లాగేది భూమి ఆకర్షణ కాదు, స్ఫటికపు సొంత గట్టిదనం.