అత్తయ్య తీగ

మొన్న పొద్దున వంటింటి కిటికీలో వేలాడే కుండీలో మళ్ళీ ఎర్ర పువ్వు పూసింది. రాగి రంగు ముడతల ఆకులు, ఆకు మధ్యలో వెండి గీతలు, కుండీ అంచు దాటి కిందికి జారే తీగలు. మీలో కొందరి ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది. నర్సరీ వాళ్ళు ఎపీషియా అంటారు. మా ఇంట్లో మాత్రం అది "అత్తయ్య తీగ".

ఇది ఆఫ్రికన్ వయొలెట్‌కి దగ్గర చుట్టం. ఎర్రగా పూసే లిప్‌స్టిక్ మొక్క కూడా ఈ కుటుంబానిదే. వీటి కథ వెతుక్కుంటూ పోతే ఎంత దూరం తీసుకెళ్ళిందో!

1892లో సెయింట్ పాల్ అనే జర్మన్ అధికారి, ఇప్పటి టాంజానియాలోని ఉసంబర కొండల్లో దొరికిన నీలి పువ్వుల మొక్క గింజలను జర్మనీలో ఉన్న తండ్రికి పంపాడు. మరుసటి ఏడు వెండ్‌లాండ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ మొక్కకి వాళ్ళ ఇంటిపేరే పెట్టి సెయింట్‌పాలియా అన్నాడు. ఎపీషియా అంతకన్నా ముందే కొలంబియా నుంచి ఇంగ్లండ్ చేరింది. 1847లో క్యూ తోట డైరెక్టర్ విలియం హుకర్ దాని వర్ణన అచ్చువేశాడు. మన సామర్లకోటలో తోట పెంచి, 1793లో కలకత్తా తోటకి వెళ్ళిన రాక్స్‌బర్గ్ కూడా లిప్‌స్టిక్ మొక్క జాతిలో ఒకదాన్ని వర్ణించాడు.

పుస్తకాల్లో ఉన్న పేర్లన్నీ మగవాళ్ళవే. కానీ ఆ మొక్కలు కిటికీ కిటికీకీ చేరిన కథ వేరు. ఆఫ్రికన్ వయొలెట్ ఆకు ఒక్కటి కాడతో సహా తుంచి గుచ్చితే రెండు మూడు నెలల్లో పిల్లలు వస్తాయి. పైసా ఖర్చు లేదు. ఆ మొక్కను పెంచేవాళ్ళంతా కలిసి అమెరికాలో 1946లో ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు.

మా అత్తయ్యకి ఆ సంఘాల సంగతేం తెలీదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ తరవాత వరసగా ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటితో పాటు ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చాయి. అలా మా పక్క పోర్షన్‌లో దిగిన ఒక మలయాళీ ఆవిడ అత్తయ్య చేతిలో ఈ తీగ ముక్క పెట్టిందట. అప్పట్లో మాకు పెరడు, బావి ఉండేవి. నక్కవాగు పాడైంది, చుట్టుపక్కల బావుల్లో నీళ్ళ రంగు మారింది. 1990లో ఆ కాలుష్యం గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మా పెరట్లో మల్లె, కనకాంబరం ఒక్కొక్కటే ఎండిపోయాయి. అత్తయ్య మిగిలిన తీగను కుండీలోకి మార్చి, నల్లాలో వచ్చే మంజీర నీళ్ళు పట్టి పోసేది. "మనం తాగని నీళ్ళు దానికి ఎట్ల పోస్తం?" అనేది.

ఎవరు అడిగినా ఒక ముక్క ఇచ్చేది. నాకు కొంచెం బాధగా ఉండేది, కుండీ బోసిపోతోందని. "అడిగినోళ్ళకు లేదనకు బిడ్డా. ఇచ్చినకొద్దీ ఉంటది, దాసుకుంటే పోతది" అనేది.

ఆమె పోయాక నేనైతే ఎవరికీ ఇవ్వలేదు. ఆమె గుర్తని దాచుకున్నాను. రెండేళ్ళ కింద సంక్రాంతికి ఊరెళ్తూ కుండీని బాల్కనీలోనే వదిలేశాను. జనవరి చలి మీకు తెలిసిందే. వచ్చేసరికి ఆకులన్నీ నల్లబడి మెత్తగా వాలిపోయాయి. ఒక్క కణుపూ బతకలేదు. కుండీ ముందు కూర్చుని ఏడ్చాను.

ఇస్నాపూర్‌లో ఇల్లు కట్టుకున్న మా పాత పొరుగింటక్కకి ఫోన్‌లో చెప్తే, మర్నాడే పెరుగు డబ్బాలో మూడు పిల్లలు పట్టుకొచ్చింది. "ఇది మీ అత్తమ్మ ఇచ్చిందే, నాదేం కాదు" అంది.

తరవాత తెలిసింది, తీగ ముక్కతో పెరిగేది కొత్త మొక్క కాదని, అదే మొక్కని. అంటే నా కిటికీలో పూసింది అత్తయ్య చేత్తో నీళ్ళు పోసిన మొక్కే!

మీరూ పెంచుకోండి. తీగ చివర వచ్చే పిల్లను కొబ్బరి పొట్టు, ఇసుక, వర్మీకంపోస్ట్ కలిపిన చిన్న కుండీ మీద ఆనించి, హెయిర్‌పిన్‌తో గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేళ్ళు పడతాయి, అప్పుడు తీగను కత్తిరించండి. లిప్‌స్టిక్ మొక్కకైతే మూడు నాలుగు అంగుళాల కొమ్మ చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు, వెలుతురు కావాలి. ఆకుల మీద నీళ్ళు నిలవనివ్వద్దు. చలికాలం రాత్రుళ్ళు లోపల పెట్టండి.

మొదటి పిల్ల వేళ్ళు పట్టగానే ఎవరికైనా ఇచ్చేయండి. నేనైతే ఇప్పటికి ఏడుగురికి ఇచ్చాను.