హయాత్‌నగర్ దారిన నడిచిన ఫిరంగీ జౌహరీ



దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర రోడ్డు దాటాలంటే ఈ రోజుల్లో కలిమా చదువుకునే దాటాలి. అటు మలక్‌పేట, ఇటు ఎల్‌బీ నగర్, మధ్యలో వరుసగా బంగారం దుకాణాలు. శాదీల సీజన్‌లో మన ఇళ్ల ఆడవాళ్లు సగం రోజు అక్కడే గడుపుతారు. హయాత్‌నగర్ మీదుగా విజయవాడకు, బందరుకు పోయే ఈ సడక్ మీద జవాహిరాత్ వ్యాపారం నిన్నటిది కాదు. కుతుబ్‌షాహీల జమానాలో గోల్కొండ నుంచి మచిలీపట్నం బందరుకు కారవాన్లు ఇంచుమించు ఈ దిక్కుగానే కదిలేవి. ఆ కారవాన్లలో ఒక ఫిరంగీ జౌహరీ కూడా ఉన్నాడు. పేరు జాన్ బాతిస్త్ టావెర్నియర్.

అతడు పారిస్‌లో 1605లో పుట్టినా ఖాందాన్‌ది ఫ్లాండర్స్‌లోని ఆంట్‌వెర్ప్. తండ్రి గాబ్రియేల్ పటాలు చెక్కి అమ్మేవాడు. ప్రొటెస్టెంట్లు కాబట్టి వతన్ వదిలి పారిస్ చేరారు. మజ్హబ్ కారణంగా ఇల్లు విడిచిన కుటుంబం కథ మనకు వివరించి చెప్పనక్కర్లేదు. ఇంట్లో పటాలు చూస్తూ పెరిగిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక తూర్పు దిక్కుకు ఆరు సఫర్లు చేశాడు. ఆఖరిది 1668లో ముగిసింది. 1676లో వాటన్నిటినీ కితాబుగా అచ్చువేశాడు.

గోల్కొండ నుంచి మన నగరంలోకి వస్తూ అతడు పురానా పుల్‌ను చూశాడు. పారిస్‌లోని పోన్ నఫ్ వంతెనకు ఇది అందంలో పెద్దగా తీసిపోదని రాశాడు. పారిస్‌వాడు ఆ మాట అనడం చిన్న తారీఫ్ కాదు. మచిలీపట్నం దారిలో హయాత్‌నగర్ పేరును తన ఫ్రెంచి నాలుకకు తగ్గట్టు వంచి రాసుకున్నాడు. ఆ ఊరికి పేరిచ్చిన హయాత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షాకు అమ్మీ. ఆమె పేరుతో ఉన్న మస్జిద్, చుట్టూ ముసాఫిర్ల కోసం కట్టిన సరాయి గదులు, పక్కన హాథీ బావలీ ఇప్పటికీ ఉన్నాయి. ఎల్‌బీ నగర్ నుంచి అరగంట ప్రయాణం కూడా కాదు. చార్మినార్‌కు మెహమాన్లను తీసుకెళ్లినట్టు ఇక్కడికి ఎవరూ తీసుకెళ్లరెందుకో.

టావెర్నియర్ మీర్ జుమ్లాను కూడా కలిశాడు. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి ఉత్త చేతులతో వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, గోల్కొండ సల్తనత్‌కు వజీర్ అయినవాడు. 1652లో గండికోటలో ఆయన ఖైమాలో కూర్చుని ఉన్నాడు. కాలి వేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఇంకొన్ని. ఒక్కొక్కటీ లాగి చదువుతూ ఇద్దరు మున్షీలకు జవాబులు చెబుతున్నాడు. ఇంత సాఫ్‌గా ఒక వజీర్‌ను కళ్లముందు నిలబెట్టిన దర్బారీ తారీఖ్ నేనైతే చదవలేదు.

కానీ నేను ఈ కితాబు దగ్గర ఆగింది దర్బారు కోసం కాదు, కాన్‌ల కోసం. గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణంలో, కృష్ణ ఒడ్డున కొల్లూరు. అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. పద్నాలుగు అడుగుల లోతులో నీరు పడగానే తవ్వడం ఆపేవారు.

రావుల్‌కొండ అని అతడు పిలిచిన మరో కాన్‌లో మజ్దూర్ల లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. పని బాగా తెలిసిన మనిషికి ఏడాదికి మూడు వరహాలు. యాభై మందికి పన్నెండు, పదిహేను మంది కాపలా. అయినా ఒకడు రెండు మంజాడిల రాయిని కంటి కొసలో దాచుకున్నాడట. మంజాడి అంటే ఒకటిన్నర కారట్లకు అటూ ఇటూ. కంట్లో ఇసుక రేణువు పడితేనే మనం అల్లాడిపోతాం. పెద్ద రాయి దొరికించి యజమానికి ఇచ్చిన మజ్దూర్‌కు ఇనామ్ ఒక సరాపా, అంటే తలకు చుట్టుకునే నూలు గుడ్డ, కాస్త డబ్బు, బియ్యం, చక్కెర. సుల్తాన్‌కు మాత్రం ప్రతి కొనుగోలు మీదా నూటికి రెండు.

బేరం తీరు మన పాత బజారువాళ్లకు నవ్వు తెప్పిస్తుంది. ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని గుడ్డ కింద చేతులు కలిపేవారు. మొత్తం చెయ్యి పట్టుకుంటే వెయ్యి, ఐదు వేళ్లు పడితే ఐదు వందలు, ఒక వేలైతే వంద, సగం వేలైతే యాభై, కొస కణుపైతే పది. నోరు మెదపకుండా, పక్కవాడికి తెలియకుండా సౌదా ఖతమ్. పొద్దున్నే చెట్టు కింద బనియా పిల్లలు తూనికలు, వరహాల సంచి పెట్టుకుని కూర్చునేవారు, పదహారేళ్లు దాటని కుర్రాళ్లు. సాయంత్రం ముగ్గీ కలిపి లాభం పంచుకునేవారు. పెద్దవాడికి నూటికి పావు వంతు మాత్రం ఎక్కువ.

వ్యాపారి కాబట్టి ధరల విషయంలో టావెర్నియర్ గవాహీ మీద నాకు భరోసా ఉంది. మన పిల్లల పాఠాల్లో గోల్కొండ వజ్రాలంటే తాజ్‌లు, తఖ్త్‌లు, ఎవరు ఎవరి నుంచి దోచారన్న ఝగడా. ఈ మధ్య వాట్సాప్‌లో ఆ ఝగడాకు మజ్హబ్ రంగు కూడా పూస్తున్నారు. మూడు వరహాల మనిషి ఏ పక్షం లెక్కలోనూ లేడు. సుల్తాన్‌లు మనవాళ్లని గర్వపడేటప్పుడు ఆ మజ్దూర్ హక్ కూడా మన జిమ్మాయే కదా?

హిందుస్తాన్ నుంచి అతడు తీసుకెళ్లిన నీలి వజ్రాన్ని పద్నాలుగో లూయీ కొన్నాడు. 1673లో దాన్ని మళ్లీ కోయించాడు. 1792లో ఇన్‌కిలాబ్ రోజుల్లో అది చోరీ అయింది. అదే ఇంకా చిన్నదై, 45.52 కారట్ల హోప్ వజ్రంగా 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. టావెర్నియర్‌కు బాద్‌షా బిరుదిచ్చాడు, ఓబోన్‌లో జాగీరు కొనుక్కున్నాడు. 1685లో ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లకు ఉన్న మజ్హబీ ఆజాదీ రద్దయింది. ఆ ఏడే జాగీరు అమ్మేశాడు. ఎనభై దాటిన వయసులో మళ్లీ సఫర్ కట్టి 1689లో మాస్కోలో ఇంతెఖాల్ అయ్యాడు.

కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.