కుక్కకు ఇంట్లోనే క్యాన్సర్ మాత్రలు వేస్తున్నారా? ఎప్పుడు వేయాలో కాదు.. ఎప్పుడు ఆపాలో ముందు తెలుసుకోండి

హైదరాబాద్: పొద్దున్నే యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్క్ చుట్టుపక్కల రోడ్ల మీదకు వెళ్తే ల్యాబ్రడార్‌లు, పగ్‌లు, మన నాటు కుక్కలు యజమానులను లాక్కుంటూ వెళ్లడం కనిపిస్తుంది. వాటికి ఏడెనిమిదేళ్లు వచ్చాక చాలా ఇళ్లలో కథ ఒకేలా మొదలవుతుంది. స్నానం చేయిస్తుంటే చర్మం కింద చిన్న గడ్డ చేతికి తగులుతుంది. కొవ్వు గడ్డేలే అనుకుంటారు. డాక్టర్ సన్న సూదితో కొన్ని కణాలు తీసి మైక్రోస్కోప్ కింద చూసి 'మాస్ట్ సెల్ ట్యూమర్' అంటారు. ఆపరేషన్ కుదరకపోయినా, చేశాక మళ్లీ వచ్చినా మాత్రలు రాసిస్తారు. ఇక ఇంట్లో నర్సు మీరే.

సెలైన్ ఎక్కించే కీమో అయితే ఆస్పత్రిలో డాక్టర్ కళ్ల ముందు జరుగుతుంది. ఈ మాత్రల వైద్యం అలా కాదు. వంటగదిలో, బాల్కనీలో, అర్ధరాత్రి మెట్ల మీద జరుగుతుంది. ఇందులో ఒక డోసు మర్చిపోవడం పెద్ద ప్రమాదమేమీ కాదు. కుక్క తిండి మానేసినా, విరేచనం నల్లగా వస్తున్నా 'క్యాన్సర్ మందు కదా, ఆపితే ఎలా' అని వేస్తూ పోవడమే అసలు ప్రమాదం.

అసలు ఈ మందు ఏం చేస్తుంది?

కొన్ని కణాల పైన 'కిట్' అనే ప్రొటీన్ ఉంటుంది. స్విచ్ లాంటిదనుకోండి. సంకేతం వచ్చినప్పుడే ఆన్ కావాలి. మాస్ట్ సెల్ ట్యూమర్ ఉన్న కొన్ని కుక్కల్లో జన్యు లోపం వల్ల ఆ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది, కణాలు ఆగకుండా పెరుగుతాయి. టార్గెటెడ్ మందు ఆ స్విచ్‌ను ఆఫ్ చేయడానికి ప్రయత్నిస్తుంది. టోసెరానిబ్ అనే మందైతే కణితికి రక్తనాళాలు పెరగడానికి తోడ్పడే సంకేతాలను కూడా అడ్డుకుంటుంది.

ఈ టోసెరానిబ్ మాత్రకే 'పల్లాడియా' అనే పేరుతో 2009 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కుక్కల క్యాన్సర్ కోసమే తయారై అక్కడ అనుమతి పొందిన మొదటి మందు ఇదే. అనుమతికి ఆధారమైన పరీక్షలో అసలు మందు వేసిన కుక్కల్లో 100కు దాదాపు 37 కుక్కలకు కణితి తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసిన వాటిలో 8 కుక్కలకే అలా జరిగింది. కిట్ లోపం ఉన్న కుక్కల్లో ఫలితం ఇంకా మెరుగ్గా కనిపించింది. అంటే మంచి మందే గానీ, అందరికీ పనిచేసే మంత్రం కాదు. ఈ అంకెలు మొదటి రోజే తెలిస్తే తర్వాత నిర్ణయాలు తీసుకోవడం కాస్త తేలికవుతుంది.

దీనికి హైదరాబాద్‌తోనూ ఒక సంబంధం ఉంది. మనుషుల్లో ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ కూడా ఇదే కిట్ స్విచ్‌ను ఆపుతుంది. దాని జనరిక్‌ను 2003లో 'వీనాట్' పేరుతో తెచ్చింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మానే. పేటెంట్ కోసం నోవార్టిస్ చేసిన పోరాటాన్ని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కిట్ లోపం ఉన్న కుక్కలకు పశువైద్యులు ఇమాటినిబ్‌ను కూడా వాడుతుంటారు. అలాగని మెడికల్ షాపుకెళ్లి మీరే కొనేయకండి. కుక్కల్లో ఇది కాలేయాన్ని దెబ్బతీయొచ్చు. మోతాదు కూడా బరువును బట్టి, రక్తపరీక్షను బట్టి మారుతుంది.

మొదటి మాత్రకు ముందు

రిపోర్టులో గ్రేడ్ ఎంతో అడగండి. 1984లో పట్నాయక్ బృందం ఇచ్చిన మూడు గ్రేడ్ల పద్ధతి ఒకటి, 2011 నుంచి వాడుతున్న లో గ్రేడ్, హై గ్రేడ్ పద్ధతి ఇంకొకటి. చాలా రిపోర్టుల్లో రెండూ ఉంటాయి. గడ్డ లో గ్రేడ్‌దై ఆపరేషన్‌లో పూర్తిగా వచ్చేస్తే చాలాసార్లు మాత్రల అవసరమే ఉండదు. వీధి కుక్కల్లో ఎక్కువగా కనిపించే, జతకట్టినప్పుడు అంటుకునే జననాంగ కణితికి కూడా ఈ మందు కాదు. దానికి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి. క్యాన్సర్ అనగానే అన్నింటికీ ఒకే మాత్ర అనుకోవద్దు.

రక్తపరీక్ష, మూత్రపరీక్ష, వీలైతే బీపీ కూడా ముందే చూపించాలి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, టిక్ ఫీవర్. పిడుదుల వల్ల వచ్చే ఈ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి రక్తం రావొచ్చు. మందు మొదలయ్యాక అలా కనిపిస్తే మాత్ర వల్లా, పిడుదు వల్లా అని తేల్చడం కష్టం. అందుకే టిక్ ఫీవర్ పరీక్ష ముందే చేయించుకుంటే మంచిది.

మాత్ర వేసే పద్ధతి

పల్లాడియా లేబుల్‌లో మోతాదు కిలో బరువుకు 3.25 మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు. చాలామంది నిపుణులు అంతకన్నా తక్కువతో, సోమ, బుధ, శుక్రవారాల్లో మొదలుపెడతారు. ఇలా వారాలు కట్టేస్తే గందరగోళం ఉండదు. కృష్ణానగర్ చుట్టుపక్కల సినిమా పనుల్లో ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. తెల్లవారుజామున కాల్‌షీట్, మధ్యలో అవుట్‌డోర్, ఇంట్లో ఎవరుంటారో ఎవరికీ తెలియదు. నాన్న వేశాడనుకుని అమ్మ, అమ్మ వేసిందనుకుని కొడుకు వదిలేయడం ఒక సమస్య. ఇద్దరూ వేసేయడం అంతకన్నా పెద్ద సమస్య. ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండర్ పెట్టి, వేసినవాళ్లు అక్కడే టిక్ కొట్టండి.

మాత్రను విరగ్గొట్టకూడదు, పొడి చేయకూడదు. ఇడ్లీ ముక్కలోనో, ఉడికిన గుడ్డులోనో, చికెన్ లివర్‌లోనో పెట్టి మింగించండి. ముందు ఉత్త ముక్క ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మరో ఉత్త ముక్క వేయండి. మూడో ముక్క మీద ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. తెలివైన కుక్కలు ఇడ్లీ తిని మాత్రను సోఫా వెనక ఉమ్మేస్తాయి. రెండు నిమిషాలు కనిపెట్టుకుని ఉండండి. డోసు తప్పితే తర్వాతి రోజుది మామూలుగా వేయండి గానీ రెండూ కలిపి వేయొద్దు. మింగాక కక్కేస్తే, డాక్టర్‌ను అడగకుండా మళ్లీ వేయొద్దు.

మాత్ర పట్టుకునేటప్పుడు వాడి పడేసే గ్లౌజులు తప్పనిసరి. గర్భిణులు, పిల్లలు మాత్ర జోలికి వెళ్లకూడదు. కుక్క మలమూత్రాలు, వాంతి శుభ్రం చేసేటప్పుడు కూడా ఇదే నియమం. ఇంట్లో పనిచేసే మహిళ గర్భవతి అయితే ఈ పని ఆమెకు అస్సలు చెప్పకండి. చాలా ఇళ్లలో ఈ విషయం ఆలోచించరు. గ్లౌజులు, తుడిచిన కాగితాలు కవర్లో మూటకట్టి, తడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. కుక్క పడుకునే దుప్పట్లు వేరుగా ఉతకండి.

మందు నడుస్తున్న కుక్క ఎక్కడ మలవిసర్జన చేస్తోంది, ఏం తింటోంది అన్నది తెలిసే వీలుండాలి. గల్లీ కుక్కను ప్రేమగా చూసుకునేవారు ఈ వైద్యం మొదలుపెట్టాలనుకుంటే, అది ఇంట్లోనో షెల్టర్‌లోనో ఉంటేనే సాధ్యం.

తిండి దగ్గరే తెలిసిపోతుంది

మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ విడుదలవుతుంది. దాంతో కడుపులో ఆమ్లం పెరిగి పుండ్లు పడొచ్చు. దానికి మాత్ర దుష్ప్రభావం తోడైతే కుక్క గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే ఆమ్లం తగ్గించే మందు, వాంతుల మందు కూడా డాక్టర్ రాసిస్తుంటారు. వాటిని అనవసరమని మానేయొద్దు. గడ్డను పదేపదే నొక్కి చూడటం కూడా వద్దు, హిస్టమిన్ విడుదలై అది ఎర్రగా ఉబ్బుతుంది.

ఆకలి మందగిస్తే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పెట్టండి. వాసన తగిలితే తింటుంది. పడే కుక్కకు కాస్త పెరుగన్నమూ ఫర్వాలేదు. 'పాపం, ఏదో ఒకటి తిననీ' అని బిర్యానీ మాత్రం పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి, మసాలా, నూనె విరేచనాలను పెంచుతాయి. మే నెలలో నీళ్ల గిన్నె ఎంత ఖాళీ అవుతోందో చూస్తుండండి, విరేచనాలు తోడైతే నీరసం చాలా త్వరగా వస్తుంది.

ఎప్పుడు ఆపాలి?

ఇది కాగితం మీద రాసి గోడకు అంటించండి. పూర్తిగా తిండి మానేస్తే, 24 గంటల్లో రెండుసార్ల కన్నా ఎక్కువ వాంతులో నీళ్ల విరేచనాలో అయితే, విరేచనం తారులా నల్లగా వస్తే, వాంతిలో గానీ మలంలో గానీ ఎర్రటి రక్తం కనిపిస్తే, కారణం లేకుండా చర్మం కమిలితే తర్వాతి మాత్ర వేయొద్దు. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆయన ఫోన్ ఎత్తేదాకా ఒక డోసు ఆగినంత మాత్రాన క్యాన్సర్ గెలిచేయదు. లేబుల్ ప్రకారమే డాక్టర్ రెండు వారాల వరకు విరామం ఇచ్చి, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టొచ్చు. విరామం తీసుకున్న కుక్కలకు మళ్లీ మందు నడిచిన సందర్భాలు మామూలే.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడటం నేర్చుకోండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతోందేమో, తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా అంతే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, కాబట్టి మనుషుల లెక్కతో కంగారు పడొద్దు.

కుంటడం, కండరాలు పట్టేయడం కూడా ఈ మందు దుష్ప్రభావాల్లో ఉన్నాయి. అది చూసి ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వేయకండి. పుండు పడ్డ కడుపుకు నొప్పి మాత్ర తోడైతే రక్తస్రావం కావొచ్చు. పళ్ల క్లీనింగ్ దగ్గర్నుంచి ఏ చిన్న సర్జరీ ఉన్నా ముందే ఈ మందు సంగతి చెప్పాలి, ఇది గాయం మానడాన్ని ఆలస్యం చేయగలదు.

రాత్రి పూట ఏ ఆస్పత్రి తెరిచి ఉంటుంది, కుక్కను ఎక్కించుకునే ఆటో ఎవరిది అన్నవి ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మూడో అంతస్తులో ఉండి లిఫ్ట్ లేకపోతే 30 కిలోల ల్యాబ్రడార్‌ను దించడానికి ఇద్దరు కావాలి, దళసరి దుప్పటే స్ట్రెచర్.

చెకప్‌లు ఎన్నిసార్లు?

మొదటి ఆరు వారాలు దాదాపు వారానికోసారి, తర్వాత ఆరు వారాలకోసారి చూపించాలని లేబుల్ చెబుతోంది. రక్తకణాలు, కాలేయం, కిడ్నీ, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూస్తారు. పొద్దున్నే పట్టిన మూత్రం శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్లండి. ఖర్చు గురించి మొహమాటం లేకుండా మొదటి రోజే మాట్లాడండి. మాత్రల ధర ఒక్కటే కాదు, ఈ పరీక్షలన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో అడగాలి. రెండో అభిప్రాయం కావాలంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు మర్చిపోకండి.

ఇంకో నోట్‌బుక్ కూడా కావాలి. పశు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానం ఇచ్చారు. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్న ఏడింటికీ 10కి మార్కులు వేయాలి. మార్కు పెరిగేకొద్దీ కుక్క పరిస్థితి మెరుగ్గా ఉన్నట్టు. మొత్తం 35 దాటితే వైద్యం కొనసాగించొచ్చని దాని అర్థం. ఆదివారం ఆదివారం ఇంట్లో అందరూ విడివిడిగా మార్కులు వేసి తర్వాత పోల్చుకోండి. కుక్కతో ఎక్కువసేపు ఉండేవారి మార్కులకే ఎక్కువ విలువివ్వాలి, సాధారణంగా అది ఇంట్లో ఉండే పెద్దవాళ్లే. వారాల తరబడి 35 దిగువనే ఉంటే, మందు మార్చాలా, నొప్పి తగ్గించే వైద్యం వరకే పరిమితం కావాలా అని డాక్టర్‌తో కూర్చుని మాట్లాడే సమయం వచ్చినట్టే.

ఏ కారణంతో మందు ఆగినా మిగిలిన మాత్రలను డ్రైనేజీలోనో చెత్తబుట్టలోనో వేయకుండా, ఇచ్చిన క్లినిక్‌కే వాపస్ ఇవ్వండి. వేరే కుక్కకు పనికొస్తాయని వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.