కొబ్బరి హుక్కా, వెండిపూల హుక్కా, అడ్డపొగ

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఏ వస్తువు చరిత్ర తెలుసుకోవాలన్నా ముందు దాని పేరు పట్టుకుని లాగుతాను. ఈసారి హుక్కాని పట్టుకున్నాను. అరబీలో హుక్కా అంటే చిన్న భరిణె. మనం కుంకుమ పెట్టుకునే భరిణెలాంటిదన్నమాట. అదే వస్తువును టర్కీలో నర్గీలే అంటారు. ఆ మాట పారశీకంలోని నార్గిల్ నుంచి వచ్చింది. నార్గిల్ అంటే కొబ్బరికాయ. దానికి మూలం మన సంస్కృత నారికేళమే! దేవుడికి కొట్టే నారికేళం దేశాలు దాటి, పొగ తాగే సాధనానికి పేరై కూర్చుంది.

పేరులోనే సగం చరిత్ర ఉంది చూడండి. మొదట్లో నీళ్ళ హుక్కాకి అడుగున ఉండే కుండ కొబ్బరిచిప్పే. కాయ లోపలంతా తోలిచేసి, రెండు రంధ్రాలు పెట్టి, సగానికి నీళ్ళు పోసి, ఒక రంధ్రంలో వెదురు గొట్టం నిలబెట్టి, దానిమీద మట్టి చిలుం పెడితే పేదవాడి హుక్కా తయారు. రెండో రంధ్రం దగ్గర నోరు పెట్టి పీల్చడమే. గుడగుడమని చప్పుడు చేస్తుంది కనుక చేతిలో పట్టుకు తిరిగే చిన్న హుక్కాని ఉత్తరాదిలో గుడ్‌గుడీ అన్నారు.

ఈ కొబ్బరిచిప్ప ఎక్కడ, పాదుషాల ముందు పెట్టిన రత్నాల గొట్టం ఎక్కడ! ఆ రెండోదాని కథ మన దక్కన్ నుంచే మొదలైంది.

అక్బరు చివరి రోజులవి, 1604 ప్రాంతం. రాకుమారుడు దానియాల్‌కి బీజాపూరు సుల్తాను కూతురినిచ్చే పెళ్ళి వ్యవహారం మీద అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు వెళ్ళాడు. అక్కడ పొగాకు చూశాడు. హిందూస్తాన్‌లో అలాంటిది ఎన్నడూ చూడలేదట. తిరిగి వస్తూ పాదుషాకి కానుకగా పొగాకూ, గొట్టమూ తెచ్చాడు. ఆ గొట్టాన్ని ఎంత శ్రద్ధగా ఎంచుకున్నాడో తనే రాసుకున్నాడు. పొడవు మూడు మూరలు. సుమత్రా ద్వీపంలోని అచ్చే నుంచి వచ్చిన సరుకు. బాగా ఎండబెట్టి రంగు వేసింది. రెండు చివర్లా రత్నాలు, మీనా పని. నోట్లో పెట్టుకునే భాగానికి యెమెన్ దేశపు ఎర్రరాయి, కోడిగుడ్డు ఆకారంలో. పొగాకు కాల్చడానికి బంగారు గిన్నె. పొగాకు నింపడానికి బీజాపూరు సుల్తాను ఇచ్చిన తాంబూలపు సంచి. ఇవన్నీ వెండి పళ్ళెంలో అమర్చాడు. గొట్టం దాచడానికి వెండి ఒర, దానిమీద ముఖమల్ గుడ్డ. పెళ్ళికి సారె సర్దినట్టు సర్దాడు!

అక్బరుకి ముచ్చటేసింది. తీసుకుని రెండు మూడు దమ్ములు పీల్చాడు. పక్కనున్న వైద్యుడు కంగారుపడి వద్దన్నాడు. మన పుస్తకాల్లో లేని మందు, గుణం తెలియకుండా పాదుషాకి ఎలా ఇస్తామని వాదించాడు. పరంగివాళ్ళు అంత తెలివితక్కువవాళ్ళు కారు, వాళ్ళలోనూ పండితులున్నారు అని అసద్ బేగ్ ఎదురు వాదించాడు. అక్బరు మళ్ళీ ముట్టలేదు. కానీ అసద్ బేగ్ తెచ్చిన మిగతా సరుకు ప్రభువులకి పంచాడు. అందరూ ఇంకా కావాలన్నారు. వ్యాపారులు అమ్మకం మొదలుపెట్టారు. అక్బరు కొడుకు జహంగీరు 1617లో పొగతాగడం కూడదని ఆజ్ఞ ఇచ్చినా ఎవరూ ఆగలేదు. ఒక దురలవాటు ఇంట్లోకి రావడానికి ఒక్క అందమైన పళ్ళెం చాలనిపించింది నాకు ఇది చదివితే.

అక్బరు కొలువులోని హకీం అబుల్ ఫతే గీలానీ పొగని నీళ్ళలోంచి పంపితే చెడుగుణం పోతుందని చెప్పి హుక్కా కనిపెట్టాడని ఒక కథ చాలాచోట్ల కనిపిస్తుంది. ఆయన 1589 నాటికే కాలం చేశాడు. అసద్ బేగ్ పళ్ళెం కొలువుకి చేరింది ఆ తర్వాత పదిహేనేళ్ళకి. లెక్క కుదరదు. అయినా కథ బతికింది. ఎందుకంటే అందులో ‘నీళ్ళు పొగని కడిగేస్తాయి’ అనే ఊరట ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక హుక్కా ఎంపిక గురించి. మనం వంటగిన్నె కొనేటప్పుడు అడుగు మందమా, మూత సరిపోతుందా, బరువెంత అని చూస్తాం కదా. వాళ్ళూ అలాగే చూసేవారు. పైనుండే చిలుం ఎంత ధనవంతుడికైనా తరచుగా మట్టిదే, నిప్పు వేడిని మట్టి ఓర్చుకుంటుంది కనుక. నీళ్ళ కుండకి మాత్రం ఎవరి తాహతు వారిది. కొబ్బరిచిప్ప, మట్టి, ఇత్తడి, వెండి, గాజు, పచ్చరాయి. పొగ గొట్టం పాములా పొడవైన కొద్దీ పొగ చల్లబడుతుంది. కానీ అంత గొట్టం అటూ ఇటూ లాగితే తేలికైన కుండ పడిపోతుంది. అందుకే నేలమీద పెట్టే పెద్ద హుక్కాకి, ఫర్షీ హుక్కాకి, కుండ బరువుగా ఉండాలి. పదిహేడో శతాబ్దంలో ఈ కుండలు బంతిలా గుండ్రంగా ఉండేవి. దొర్లకుండా కింద చుట్టకుదురులాంటి కడియం పెట్టేవారు. పద్దెనిమిదో శతాబ్దానికి అడుగు వెడల్పుగా ఉండే గంట ఆకారం వచ్చింది. దానికి కుదురు అక్కర్లేదు. నోటి దగ్గర పెట్టుకునే ముక్క వేరే. దాన్ని ముహ్‌నాల్ అంటారు. ఎంగిలి పట్టింపు ఉన్న పెద్దమనుషులు ఎవరి ముహ్‌నాల్ వాళ్ళు వెంట తెచ్చుకునేవారు.

ఈ కుండలన్నిటిలో నాకు నచ్చింది బీదరు పనితనం, బిద్రీ. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళితే హడావుడిగా గడియారం దగ్గరికి పరిగెత్తకుండా బిద్రీ సామాను దగ్గర కాసేపు నిలబడండి. నల్లటి నలుపు మీద వెండి పువ్వులు. అది ఇనుమూ కాదు, రాయీ కాదు. ఎక్కువ పాళ్ళు జింకు, కొంచెం రాగి కలిపిన లోహం. పోత పోసి, నునుపు చేసి, మైలుతుత్తం నీళ్ళతో పైపైన నల్లబరుస్తారు, గీసే గీతలు కనబడడానికి. సన్నటి ఉలితో పూలూ తీగలూ చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. తర్వాత బీదరు కోటలోని పాతమట్టి, నవాసాగరం కలిపి మరిగించిన నీళ్ళలో ముంచుతారు. లోహం పూర్తిగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. చివరికి నూనె రాస్తే ఆ నలుపు నిగనిగలాడుతుంది, మన అమ్మమ్మలు ఇనప పెనం మీద నూనె రాసి ఉంచినట్టు.

హుక్కా పరిమాణం హోదాని చెప్పేది. దాన్ని సిద్ధం చేసి మోయడానికి ప్రత్యేకంగా హుక్కాబర్దారు అనే నౌకరు. కలకత్తాలో ఇంగ్లీషు దొరలకీ ఇది అంటుకుంది. 1779లో వారన్ హేస్టింగ్స్ దంపతులు విందుకి పిలుస్తూ, హుక్కాబర్దారు తప్ప వేరే నౌకర్లని తీసుకురావద్దని ఆహ్వానపత్రంలో రాయించారు! దొరసానులు కూడా తాగేవారు. ఒకరి హుక్కా గొట్టాన్ని దాటి నడవడం పెద్ద అవమానం. ఉత్తరాది పల్లెల్లో ఎవరినైనా కులంలోంచి వెలివేస్తే ఇప్పటికీ ‘హుక్కా పానీ బంద్’ అంటారు. నీళ్ళతో సమానంగా హుక్కాని పెట్టారన్నమాట. మొగలు, దక్కనీ చిత్రాల్లో మేడమీద దిండుకి ఆనుకుని హుక్కా గొట్టం పట్టుకున్న రాణులు ఎంతమందో. ఆడవాళ్ళు పొగతాగడం అప్పట్లో వింతేమీ కాదని ఆ బొమ్మలే చెబుతున్నాయి.

మరి మన తెలుగు ఊళ్ళలో? నవాబుల చుట్టుపక్కల తప్ప హుక్కా పెద్దగా పాకలేదు. మనది చుట్ట రాజ్యం. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకి పెట్టింది పేరు. కన్యాశుల్కం చదివినవాళ్ళకి గిరీశాన్నీ చుట్టనీ విడదీసి ఊహించడం కష్టం. చుట్టకి గొట్టం లేదు, కుండ లేదు, నౌకరు లేడు. ఆకు చుట్టుకుంటే చాలు.

మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడి ఆడవాళ్ళది అడ్డపొగ. అంటే చుట్ట నిప్పు కొసని నోటి లోపల పెట్టుకుని తాగడం. తెలియనివాళ్ళు నమ్మరు. అమ్మమ్మ బట్టలు ఉతుకుతూ, కళ్ళాపి చల్లుతూ, నన్ను ఒళ్ళో పెట్టుకుని కూడా అలాగే తాగేది. ఎందుకలా అని అడిగితే, “గాలికి ఆరిపోదే తల్లీ. బూడిద పిల్లలమీద పడదు” అనేది. చేతులు రెండూ పనిలో ఉంటాయి, నిప్పు మాత్రం ఆరకూడదు. పాదుషాలు రాయీ రత్నమూ ఎంచుకుంటే, ఈ ఆడవాళ్ళకి మిగిలిన ఎంపిక చుట్ట ఏ కొస నోట్లో పెట్టుకోవాలి అన్నదొక్కటే.

దాని ఖరీదు అంగిలి కట్టింది. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్ ఎక్కువగా కనబడడానికి అడ్డపొగే కారణమని మన వైద్యులు 1950లలోనే పత్రికల్లో రాశారు. ఆ తర్వాత చాలా పరిశోధనలు అదే చెప్పాయి. మా అమ్మమ్మ తోటికోడలు అంగిలి పుండుతోనే పోయింది. నెలల తరబడి గంజి మింగడానికి కూడా ఏడ్చేది. అమ్మమ్మ ఆ ఏడాదే చుట్ట మానేసింది. మానినందుకు ఎవరూ మెచ్చుకోలేదు, ఇంట్లో మగవాళ్ళు తాగుతూనే ఉన్నారు.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వస్తాను. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. స్నేహితుల పుట్టినరోజులకి హుక్కా పార్లర్లకి వెళదామంటున్నారని మొన్న చెప్పింది. “సిగరెట్ లాంటిది కాదటమ్మా, పొగ నీళ్ళలోంచి వస్తుందట, పైగా యాపిల్ వాసనట” అంది. హకీంగారి పేరున నడిచిన కథ నాలుగు వందల ఏళ్ళ తర్వాత మా హాల్లోకి వచ్చి కూర్చుంది! నీళ్ళు పొగని చల్లబరుస్తాయి, అంతే. గొంతు మండదు కనుక ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు పీలుస్తారు. నికొటినూ, బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడూ అలాగే లోపలికి పోతాయి. గంటసేపు హుక్కా ముందు కూర్చుంటే ఒక సిగరెట్టుతో పీల్చే పొగకి వంద రెట్లకి పైగా పీల్చవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తెలంగాణ శాసనసభ 2024లో హుక్కా పార్లర్లని నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. చట్టం దారిన చట్టం ఉంటుంది. నేను మాత్రం మా అమ్మాయికి అసద్ బేగ్ వెండి పళ్ళెం కథా, మా చిన్నమ్మమ్మ గంజి కథా రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాను. అది వాదించలేదు. “అమ్మమ్మ వాళ్ళమ్మ కూడా అలాగే తాగేదా?” అని మాత్రం అడిగింది. అవునన్నాను.

బిద్రీ హుక్కా కుండ మీ ఇంట్లో ఉంటే హాయిగా హాల్లో పెట్టుకోండి. పూలు పెడితే ఎంతో బాగుంటుంది. ఆ పని చేసిన చేతులకి అది గౌరవం. అలాగే మీ ఊళ్ళో, మీ ఇంట్లో చుట్ట తాగే పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా ఆవిడ నోరు తెరిపించి అంగిలి చూడండి. తెల్లటి మచ్చగానీ, మూడు వారాలైనా మానని పుండుగానీ కనబడితే వెంటనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. “ఈ వయసులో నాకెందుకే” అంటారు. అన్నా సరే, తీసుకెళ్ళండి.