మీసాలు, మైకులు, వన్స్‌మోర్లు

మొన్న సంక్రాంతికి తణుకు దగ్గర మా ఊరెళ్ళాను. పిన్ని కొడుకు అరుగు మీద కూర్చుని ఫోన్లో ఏదో వింటూ తలూపేస్తున్నాడు. డిగ్రీ సెకండియర్. తెలుగులో ర్యాప్ రాస్తాడు. ఆ రోజు వింటున్నది లండన్ గ్రైమ్. నిమిషానికి 140 బీట్ల దరువు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఒకరినొకరు దులిపేసుకుంటున్నారు. పడక్కుర్చీలోంచి తాతయ్య, "ఏంట్రా ఆ తిట్ల దండకం? అదీ కవిత్వమేనా?" అన్నారు. వాడు మారు మాట్లాడకుండా ఫోను కట్టేసి లోపలికెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అదే తాతయ్య, గేదెకి గడ్డి వేస్తూ, రాయబారం పద్యం ఒకటి గొంతెత్తి అందుకున్నారు. తిరుపతి వేంకట కవులది. ఆ పద్యం రాసినవాళ్ళు కుర్రతనంలో ఎలా బతికారో ఆయనకి గుర్తుచెయ్యాలనిపించింది.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం దగ్గర యండగండిలో. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకుంటూ జంటయ్యారు. ఇరవై దాటీ దాటకుండానే అవధానాలకి బయల్దేరారు. కాలం కూడా కలిసొచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలవలు పారాయి, వరి పండింది, ఊళ్ళలో డబ్బు ఆడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదారి మీద రైలు వంతెన తెరిచారు. సభ పెట్టించే జమీందార్లు, చూడ్డానికొచ్చే జనం, ఊరూరా తిరిగే దారి మూడూ అమరాయి. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి సంస్థానాల దాకా వెళ్ళొచ్చారు. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే టూర్లు కొట్టారు.

అవధానం ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అష్టావధానంలో చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఇంకొకాయన నాలుగు పొంతన లేని మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటాడు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడైతే అవధాని ఒక్కో అక్షరం పలికేకొద్దీ, తర్వాత ఏ అక్షరం రాకూడదో చెప్పి అడ్డం పడతాడు. మధ్యలో గంటలు కొడతారు, లెక్క తప్పకూడదు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు సందు దొరికితే చాలు వెటకారం చేస్తాడు, దానికీ చురుగ్గా జవాబివ్వాలి. చేతిలో కాగితం ఉండదు. చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. శతావధానమైతే వందమంది.

ఇక పొగరు సంగతి. పండితులకి మీసాలేమిటని ఆ రోజుల్లో అడిగేవాళ్ళు. తప్పని తెలిసే పెంచామనీ, రెండు భాషల్లోనూ మేమే కవులమని చెప్పడానికే ఈ మీసాలనీ, మమ్మల్ని గెలిచినవాడుంటే తీసేసి మొక్కుతామనీ పద్యంలోనే జవాబు చెప్పారు. అచ్చంగా సవాలే.

సవాలుకి ఎదురు రాకుండా ఉంటుందా? గుంటూరు వైపు నుంచి ఆశుకవిత్వ వేగానికి పేరుపడ్డ కొప్పరపు సోదర కవులు వచ్చారు. ఇటు పిఠాపురం ఆస్థానంలో వెలిగిన ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి జంట, అంటే వేంకట రామకృష్ణ కవులు. ఎవరు గొప్ప, ఎవరిది తప్పు అని పత్రికల్లో, పుస్తకాల్లో ఏళ్ళ తరబడి దెబ్బలాడుకున్నారు. అభిమానులు రెండు వర్గాలయ్యారు. పిఠాపురం జంటతో గొడవలో తిరుపతి వేంకట కవులు 'గీరతం' అని ఒక పుస్తకమే వేశారు. వ్యాకరణం తప్పులు పట్టడంతో మొదలైనవి సొంత విషయాల దాకా పోయేవి.

ఇప్పుడు లండన్ వెళ్దాం. 2004లో లేటన్‌స్టోన్‌లో జామర్ అనే సంగీతకారుడి తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో వైలీ, కానో అనే ఇద్దరు ఎంసీలు ఎదురెదురుగా నిలబడి మాటలు విసురుకున్నారు. 'లార్డ్ ఆఫ్ ద మైక్స్' పేరుతో అది డీవీడీగా వచ్చింది. అంతకు ముందు ఏడాదే డిజీ రాస్కల్ తొలి ఆల్బమ్‌కి మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. తూర్పు లండన్ ప్రభుత్వ ఇళ్ళ సముదాయాల్లో పెరిగిన నల్లజాతి పిల్లల సంగీతం ఇది. లైసెన్సు లేని రేడియోల్లో మోగింది. మంచి పంక్తి పడితే జనం అరుస్తారు, డీజే పాటని వెనక్కి తిప్పి మళ్ళీ మొదలెడతాడు. దాన్ని రీలోడ్ అంటారు. మనకిది కొత్తేం కాదు. పాండవోద్యోగ విజయాల పద్యాలు నాటకమెక్కాక షణ్ముఖి ఆంజనేయరాజో, పీసపాటి నరసింహమూర్తో కృష్ణుడై పద్యం ఎత్తుకుంటే జనం ఏమనేవారు? వన్స్‌మోర్! రాయబారం ఆగిపోయేది. కృష్ణుడు మళ్ళీ మొదట్నించీ పాడేవాడు.

పోలిక ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కడే ఆపేస్తే అబద్ధమవుతుంది. గ్రైమ్ పిల్లలకి తలుపు మూసింది పోలీసులు. 2005లో వచ్చిన 'ఫారం 696' వల్ల నల్లజాతి సంగీతం ఉన్న కచేరీలకే అడ్డంకులని విమర్శలొచ్చాయి. 2017లో గానీ దాన్ని తీసెయ్యలేదు. మన అవధాన సభకి మాత్రం లోపలే తలుపుంది. సంస్కృతం చదువుకునే వీలున్న కులం మగవాళ్ళకే దాదాపుగా ఆ మైకు. వినుకొండ అవధాన సభలో పద్యాలు చదివినందుకు కుర్రాడైన గుర్రం జాషువాని, ఈ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని అవమానించారు. తర్వాత చాలా ఏళ్ళకి అదే జాషువా కాలికి గండపెండేరం తొడిగినవారు చెళ్ళపిళ్ళ. ఆ రెండో సంఘటనని మనం ఇష్టంగా చెప్పుకుంటాం. మొదటిది కూడా చెప్పుకోవాలి.

ఆ తలుపు సగమైనా తెరిచింది నాటకమే అనుకుంటాను. ఛందస్సు తెలియని మా తాతయ్యకి ఆ పద్యాలు రాత్రి నాటకాల్లో విని వచ్చినవే. తిరుపతిశాస్త్రి 1920లోనే పోయినా వేంకటశాస్త్రి జంట పేరుతోనే రాస్తూ వచ్చారు. 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారు, 1950లో పోయారు. మీసాలు మెలేసిన కుర్రాళ్ళు అప్పటికి పాఠ్యపుస్తకమైపోయారు.

మర్నాడు కాఫీ తాగుతూ ఇదంతా తాతయ్యకి చెప్పాను. అంతా విని, "అయితే మాత్రం, వాళ్ళు ఛందస్సులో తిట్టుకున్నార్రా" అన్నారు. నిజమే. యతిప్రాసల కట్టుబాటు చిన్నదేం కాదు. కానీ దరువు తప్పితే అక్కడా నవ్వుతారు తాతయ్యా, అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని తమ్ముణ్ణి పిలిచారు. "ఏదీ, నువ్వు రాసింది చెప్పు. ఆ డబడబ లేకుండా."

వాడు చెప్పాడు. తాతయ్య రెండుచోట్ల ఆపారు, ఒక మాట అర్థం కాలేదన్నారు, ఒక పంక్తి మళ్ళీ చెప్పమన్నారు. మెచ్చుకోలేదు. కానీ మా ఇంట్లో వాడి రాతకి ఒక పృచ్ఛకుడు దొరకడం అదే మొదటిసారి. మళ్ళీ చెప్పమన్నప్పుడు వాడి ముఖం చూడాల్సింది.